నాలుగు నెలల వంతెన

వేసవిలో అది ఇసుక దారి. వానాకాలంలో అదే వంక. నీళ్లొచ్చాయంటే ఇవతలి జీపు ఇవతలే, అవతలి మనిషి అవతలే! పెద్ద వంతెన కడదామంటే అడవికి ముప్పు. కట్టకపోతే అడవిని కాపాడేవాడికి ముప్పు. మరి అవసరమైనప్పుడు పరిచి, పనయ్యాక ఎత్తేసే వంతెనలైతే? ఆలోచన బాగానే ఉంది. కానీ సర్కారు లెక్కల్లో దాన్ని ఏ పద్దు కింద రాయాలి?

బేతంచెర్ల పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేవి బండలే. ఎన్నో ఊళ్లలో నట్టింట్లో పరుచుకున్నది ఈ ఊరి నాపరాయే. పొరలు పొరలుగా ఊడి వచ్చే సున్నపురాయి అది. భూగర్భ శాస్త్రవేత్తలు నర్జి సున్నపురాయి అంటారు. ఇంట్లో నేలకీ మిద్దెకీ పెరటి అరుగుకీ వాడినట్టే, పొలం గట్టున దానికి మరో పని కూడా చెబుతారు ఇక్కడి రైతులు. చిన్న కాలువ అడ్డొచ్చిందా... ఇటూ అటూ నాలుగు రాళ్లు పేర్చి, మీద అడ్డంగా ఓ మందపాటి బండ పడేస్తే వంతెన సిద్ధం. ఇంజినీరు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. కాలువ దారి మార్చుకుంటే బండని కూడా పక్కకి జరుపుకోవచ్చు.

అయితే ఆ ఉపాయం నాలుగైదు అడుగుల వరకే. రాయికి బరువు మోసే శక్తి ఎక్కువ, వంగే గుణం తక్కువ. పొడవు పెరిగేకొద్దీ అడుగుభాగం లాగినట్టై పుటుక్కున విరుగుతుంది. మనిషీ ఎద్దూ నడిచే కాలువకి బండ చాలు. జీపు దాటాల్సిన వంకకి చాలదు. అక్కడే వస్తుంది చిక్కంతా.

ఎర్రమల ఇటు, నల్లమల అటు

బేతంచెర్ల చుట్టూ ఉన్నవి ఎర్రమల కొండలు. ముళ్ల పొదలూ గిడసబారిన చెట్లూ ఉన్న మెట్ట అడవి. పాత కర్నూలు జిల్లా మొత్తానికీ ఏడాది సగటు వాన 670 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా మూడు నాలుగు వానల్లో కుమ్మరించిపోయే రకం. వంక ఏడాదిలో ఎన్నో రోజులు పారదు. పారిన రోజు మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. బిల్లసర్గం గుహల దగ్గర సున్నపురాతి కొండని నీళ్లు ఎలా తొలిచాయో చూస్తే ఈ ప్రాంతపు వాన ఏపాటిదో అర్థమవుతుంది. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు ఈ గుహల్లోనే తవ్వకాలు జరిపారు.

బేతంచెర్లలో తూర్పు వైపు రైలెక్కితే నంద్యాల దాటాక అడవి మారిపోతుంది. చెట్లు ఎత్తవుతాయి, లోయలు లోతవుతాయి. నల్లమల వచ్చేసినట్టే. ఆ రైలు మార్గానికే ఓ కథ ఉంది. జనం ధాత కరువని చెప్పుకున్న 1876-78 కరువులో రాయలసీమకి తిండిగింజలు చేర్చే దారి లేక లక్షల మంది పోయారు. ఆ తర్వాతే కరువు ప్రాంతాలకు రైళ్లు వేయాలన్న బుద్ధి పుట్టింది తెల్లదొరలకి. అలా వచ్చిందే బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే. నల్లమల లోయ దాటడానికి ఆ మార్గంలో కట్టిన దొరబావి వంతెన గురించి నంద్యాల, గిద్దలూరు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1990లలో బ్రాడ్‌గేజ్ పనులప్పుడు రైలు దారి మారింది, ఆ వంతెన అవసరం తీరిపోయింది. శాశ్వతమనుకుని కట్టింది కూడా ఓ వందేళ్ల తాత్కాలికమే అన్నమాట!

రైలు దారికి దొరబావి ఉంది సరే. అడవి లోపలి దారులకో? వాటికెప్పుడూ తాత్కాలికమే దిక్కు. కలప, వెదురు నరికే రోజుల్లో అడవిని కూపులుగా విడగొట్టేవారు. ఈ ఏడాది ఈ కూపు, వచ్చే ఏడాది ఆ కూపు. వానలు వెళ్లగానే కూపు రోడ్డు బాగు చేయడం, వంకల్లో దుంగలు పరిచి మీద కంపా మట్టీ వేసి లారీలు దాటించడం... ఇదంతా కలప ఖర్చులోనే కలిసిపోయేది. మళ్లీ వానలొస్తే దుంగలు కొట్టుకుపోయేవి. ఎవరూ బాధపడేవారు కాదు. లారీ దాటింది, కలప అమ్ముడుపోయింది, అంతే.

1978లో ఈ అడవిలో ఎక్కువ భాగం అభయారణ్యమైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యమైంది. అప్పటి లెక్కల్లో 3,568 చదరపు కిలోమీటర్లు, దేశంలోనే పెద్దది. నరకడం ఆగింది. మంచిదే. కానీ నరికే డబ్బుతో దారులు బాగు చేసుకునే పద్ధతి కూడా దాంతోపాటే పోయింది. ఈ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

వానాకాలమే అసలు కాలం

జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల అడవుల్లో పర్యాటకులకు సెలవు. సఫారీ జీపులు ఆగిపోతాయి. అడవి విశ్రాంతి తీసుకుంటోందని అనుకుంటాం. వేటగాళ్లకి మాత్రం సెలవు లేదు. గడ్డి ఏపుగా పెరుగుతుంది, అడుగుజాడలు చెరిగిపోతాయి, జీపుల రొద ఉండదు. ఉచ్చులు పన్నడానికి అంతకన్నా మంచి కాలం ఏముంటుంది? అందుకే జాతీయ పులుల సంరక్షణ సంస్థ వానాకాలంలో గస్తీ పెంచమంటుంది. దానికి ‘ఆపరేషన్ మాన్‌సూన్’ అని పేరు కూడా పెట్టింది.

గస్తీ చేసేదెవరు? అడవిలో అక్కడక్కడా ఉండే బేస్‌క్యాంపుల్లోని ప్రొటెక్షన్ వాచర్లు. వాళ్లలో చాలామంది చెంచులు. ఏ వంక ఏ వానకి పొంగుతుందో, పొంగిన వంక ఎన్ని గంటలకి తగ్గుతుందో వాళ్లకు పుస్తకం అక్కర్లేదు. తాడు కట్టుకునో చేతులు పట్టుకునో దాటేస్తారు. కానీ వాళ్లకు రావాల్సిన బియ్యం, వైర్‌లెస్ సెట్టుకి బ్యాటరీ, జ్వరమొస్తే మాత్ర... ఇవన్నీ జీపులోనే రావాలి. వంక పారితే జీపు ఒడ్డునే ఆగుతుంది. పాము కరిచినవాణ్ని మోసుకొచ్చినా ఒడ్డు దాకే. ఆ తర్వాత నీళ్లు ఎప్పుడు తగ్గుతాయా అని ఎదురుచూడటమే.

నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు డ్రైవర్లు వంకలోంచే తోలేస్తారు. పైకి అదేం పెద్ద తప్పులా కనిపించదు. కానీ ఒకే చోట రోజూ చక్రాలు దిగి ఎక్కుతుంటే ఒడ్డు కరుగుతుంది, మట్టి నీళ్లలో కలుస్తుంది, దిగువన గుండాలు పూడుతూ వస్తాయి. వేసవిలో దుప్పులకీ కొండగొర్రెలకీ మిగిలే నీళ్లు ఆ గుండాల్లోవే. అడవి దారుల వల్ల నీళ్లలో చేరే మట్టిలో ఎక్కువ భాగం దారి వంకని దాటే చోటే చేరుతుందని అమెరికా అటవీ నిపుణులు ఏనాడో తేల్చారు. శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని తర్వాతి సర్వేల నాటికి 216 టీఎంసీల దగ్గరికి వచ్చేసింది. ఆ పాపమంతా నల్లమల వంకలదే అంటే అన్యాయం. కృష్ణమ్మ మోసుకొచ్చే మట్టిలో వీటి వాటా పిసరంత. అయితే పక్కనే ఉన్న అడవి నుంచి వచ్చే ఆ పిసరంతైనా మన చేతిలో ఉన్నదే కదా.

అమెరికాలో అద్దె లేని వంతెన

అక్కడ చెట్లు నరికేవాళ్లకి ఇదే ఇబ్బంది. ఓ చోట రెండు మూడు వారాల పని, మధ్యలో వాగు. మట్టి పోసి దాటితే వాగు పాడవుతుంది, పక్కా వంతెన కడితే గిట్టుబాటు కాదు. అందుకని మడత మంచంలా ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లే వంతెనలు తయారు చేసుకున్నారు. ఉక్కుతో గానీ, పలకలు అంటించి చేసిన గట్టి కలపతో గానీ చేసిన పొడవాటి పట్టీలు. ఒక్కోటి ఇరవై ముప్పై అడుగుల పొడవు, సుమారు నాలుగడుగుల వెడల్పు. రెండు మూడు పట్టీలు పక్కపక్కన పరిస్తే లారీ వెళ్లిపోతుంది. వాగు అడుగుని తాకే పనే లేదు. పనయ్యాక యంత్రంతో ఎత్తి మరో చోటికి. అదే వంతెన పదిచోట్ల పనిచేస్తుంది.

ఇక్కడ ఆసక్తికరమైంది వంతెన కాదు, దానికి డబ్బులిచ్చే తీరు. ఉత్తర కరొలైనా అటవీ శాఖ ఇలాంటి పట్టీలు కొని పెట్టుకుని, అడిగినవాళ్లకి ఊరికే అరువిస్తుంది. పొరుగునే ఉన్న వర్జీనియా నీటి నాణ్యత నిధి నుంచి వాగు దాటే ఏర్పాటుకి దాదాపు సగం ఖర్చు భరిస్తుంది. ఛెసాపీక్ అఖాతంలోకి వెళ్లే నీళ్లు బాగుండాలన్నది వాళ్ల లెక్క. అంటే చెట్లు నరికేవాడి మీద ప్రేమతో కాదు, దిగువన నీళ్లు తాగేవాడి కోసం! 1988లో అమెరికా పార్లమెంటు చెక్క వంతెనల కోసమే ప్రత్యేకంగా నిధులు కేటాయించి అటవీ శాఖకు అప్పజెప్పింది. కలపకి కొత్త గిరాకీ పుట్టించాలన్న స్వార్థం కూడా అందులో ఉందనుకోండి.

తాత్కాలిక వంతెన మనకీ కొత్తేం కాదు. 2025 మహాకుంభమేళాకి ప్రయాగ్‌రాజ్‌లో 30 పాంటూన్ వంతెనలు వేశారు. మేళా అయ్యాక విప్పేశారు. 2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడితే మద్రాస్ శాపర్స్ జవాన్లు రెండు రోజుల్లోపే 190 అడుగుల బెయిలీ వంతెన నిలబెట్టి చూరల్‌మల నుంచి ముండక్కైకి దారి ఇచ్చారు. జాతరకీ విపత్తుకీ ఖజానా వెనకాడలేదు. ఏటా తప్పకుండా వచ్చే వానాకాలానికే ఎందుకో చేయి రాదు.

చట్టం సరే, పద్దేది?

వంతెనంటే అడవి చట్టం ఒప్పుకోదేమో అనుకుంటారు చాలామంది. అది అపోహ. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అడవిని కాపాడే పనులకి మినహాయింపు ఇచ్చింది. చెక్‌పోస్టులు, ఫైర్‌లైన్లు, నీటిగుంతలతో పాటు వంతెనలు, కల్వర్టులు అని పేరు పెట్టి మరీ చెప్పింది. కాబట్టి అడ్డం చట్టం కాదు. అడ్డమల్లా ఖర్చుని చూసే కళ్లజోడు.

కాంపా సంగతే తీసుకోండి. గనికో ప్రాజెక్టుకో అడవి పోతే, పోయిన అడవి విలువ కట్టి వసూలు చేసే డబ్బు అది. 2002లో సుప్రీంకోర్టు చెప్పాక పోగవడం మొదలైంది. 2016లో చట్టం, 2018లో నిబంధనలు వచ్చాయి. 2019లో కేంద్రం రాష్ట్రాలకి పంచినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కి 1,734 కోట్ల రూపాయలకు పైగా దక్కింది. పోయిన అడవి విలువ కింద వచ్చిన దాంట్లో కనీసం 80 శాతం అడవుల, వన్యప్రాణుల నిర్వహణకి, 20 శాతం మించకుండా సదుపాయాలకి వాడాలి. తనిఖీ బాటలు, అటవీ రోడ్లు, ఫైర్‌లైన్లు, వాచ్‌టవర్లు ఈ 20 శాతంలోకే వస్తాయి. వంక మీద పరిచే పట్టీని కూడా బాటలో భాగంగా చూపించొచ్చు. అలా చూపించే ఓపిక ఉంటే.

పులుల అభయారణ్యాలకి కేంద్రమిచ్చే నిధుల్లో మరో మెలిక. ఒక్కసారి పెట్టే ఖర్చయితే కేంద్రం 60, రాష్ట్రం 40. ఏటా అయ్యే ఖర్చయితే చెరి సగం. మరి ఎత్తేసే వంతెన ఏ కోవలోకి వస్తుంది? కొనడం ఒక్కసారి, పరచడం ఏటా! ఒకే వస్తువు రెండు గడుల్లో పడుతుంది. ఇలాంటి వస్తువంటే ఏ ఆఫీసులోనైనా గుమాస్తాకి భయమే.

ఉపాధి హామీ పథకం సీమ పల్లెల్లో కందకాలు తవ్వించింది, చెక్‌డ్యాములు కట్టించింది. 2006 ఫిబ్రవరిలో అది మొదలైంది మన పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలోనే. కానీ దాని నిబంధనలు కంటికి కనిపించని పనులు, కొలవలేని పనులు, మళ్లీ మళ్లీ చేసే పనులు వద్దన్నాయి. ఏటా వేసి తీసే వంతెనకి అక్కడా చోటు దొరకలేదు. ఆ నిబంధన పెట్టినవాళ్లని తప్పుపట్టలేం. ఏటా గడ్డి పీకినట్టు రాసుకుని బిల్లులు తినేసేవాళ్లని కట్టడి చేయడానికే అది పుట్టింది.

ఆడిట్ భయం కూడా ఉత్తుత్తిది కాదు. వంకలో సిమెంటు తూములు వేసి మీద గ్రావెల్ పోశారనుకుందాం. వరదకి పోయింది. మూడు నెలల తర్వాత తనిఖీకి వచ్చినాయన ‘ఎక్కడయ్యా మీ వంతెన?’ అంటే వంకని చూపించాలి! నిజంగా వేసి కొట్టుకుపోయిందో, వేయకుండానే కొట్టుకుపోయిందో ఎవరు చెప్పగలరు? ఉక్కు పట్టీకి ఆ బెడద తక్కువ. నంబరు వేసి, స్టాకు రిజిస్టరులో రాసి, డిపోలో పెట్టొచ్చు. వచ్చి లెక్కపెట్టుకోమనొచ్చు. వాగు దాటించే సంగతి అటుంచితే, లెక్క చెప్పడానికైనా మట్టి పోసిన తూముల కన్నా ఇదే నయం.

ఇంకొకటి... క్యాలెండర్ల గొడవ. సర్కారు ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. ప్రణాళిక పంపాలి, ఆమోదం రావాలి, కేంద్రం వాటా వస్తే రాష్ట్రం తన వాటా కలపాలి. ఇదంతా అయ్యేసరికి జులై దాటితే వంక నిండుగా పారుతుంటుంది. అప్పుడు వంతెన పరచడానికి దిగేదెవరు? నవంబరులో డబ్బులొస్తే వంక ఎండుతుంటుంది. మార్చిలోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది కాబట్టి ఆ డబ్బుతో ఎండిన వంకలో ఏదో ఒక కాంక్రీటు పని... వాన లెక్కకీ పైసల లెక్కకీ పొత్తు కుదరకపోతే అడవిలో జరిగేది ఇదే.

గూడేనికి మాత్రం కాదు

ఇక్కడ ఓ మాట గట్టిగా చెప్పుకోవాలి. తాత్కాలిక వంతెన గొప్పదని తేలితే దాన్ని అన్నిటికీ మందులా వాడే ప్రమాదముంది. పులులు తిరిగే కీలక ప్రాంతంలో గస్తీ బాటకి అది సరిపోతుంది. అక్కడ పక్కా వంతెన కడితే దారి బాగుందని లారీలొస్తాయి, అడ్డదారి దొరికిందని ఇంకెవరో వస్తారు. ఉన్న శ్రీశైలం రోడ్డు మీదే వన్యప్రాణుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపాల్సి వస్తోంది. కొత్త తలనొప్పి ఎవరికి కావాలి? వానలు పోగానే ఎత్తేసే వంతెనైతే మిగతా కాలం ఆ బాట ఎవర్నీ పిలవదు.

గూడెం సంగతి వేరు. బైర్లూటీ, నాగలూటీ, పెచ్చెరువు లాంటి చెంచు గూడేల్లో ఉండేది మనుషులు. పురిటి నొప్పులు వంక తగ్గేదాకా ఆగవు. అక్కడ ‘అడవి కదా, తాత్కాలికంగా సర్దుకోండి’ అనడం అన్యాయం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం రోడ్డు, బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి లాంటి 13 రకాల సదుపాయాలకి అడవి భూమి ఇవ్వొచ్చంది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75కి మించకుండా చెట్లు పోయేలా, గ్రామసభ సిఫారసుతో. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం చెంచులతో సహా 75 ఆదిమ తెగలకి ఇళ్లూ రోడ్లూ ఇస్తామంది, 24,104 కోట్లతో. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ‘అడవి తల్లి బాట’ పేరుతో వెయ్యి కోట్ల పైచిలుకు గిరిజన రోడ్ల పనులు మొదలుపెట్టింది. అల్లూరి జిల్లా కొండల్లో డోలీ మోతల ఫొటోలు పత్రికల్లో ఏళ్ల తరబడి చూశాక వచ్చిన కదలిక అది. ఆ డబ్బు వచ్చేది పక్కా దారికి, పక్కా వంతెనకి. గూడేలకి అదే రావాలి.

పక్కా వంతెన వచ్చేదాకా మాత్రం ఓ పట్టీ వేసి పెడితే? దానికెవరూ కాదనరు. రోడ్డు మంజూరుకీ రోడ్డు పూర్తవడానికీ మధ్య ఎన్ని వానాకాలాలు గడుస్తాయో తెలిసినవాళ్లెవరూ కాదనలేరు.

బండ మీద ఉక్కు

మన అడవికి అమెరికా లారీల వంతెన అక్కర్లేదు. గస్తీ జీపుకీ నీళ్ల ట్యాంకరు ట్రాక్టరుకీ సరిపోతే చాలు. రెండు వైపుల చక్రాల కింద రెండు సన్న పట్టీలు చాలొచ్చు. బరువు తగ్గితే పరచడానికి జేసీబీతో పనుండదు. లోపలికి అలాంటి యంత్రం వెళ్లకపోవడమే అడవికి మంచిది. పట్టీ ఆనడానికి ఒడ్డున గట్టి పీట కావాలి కదా... దానికి బేతంచెర్ల బండకి మించింది ఏముంది? గనుల దగ్గర పాలిష్‌కి పనికిరాక పక్కన పడేసిన ముక్కలు గుట్టలుగా ఉంటాయి. అడ్డంగా వేస్తే విరిగే రాయి, అడుగున పేరిస్తే ఎంత బరువైనా మోస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త ఉంది. పట్టీని ఒక కొసన మాత్రమే ఇనుప తాడుతో ఒడ్డునున్న గట్టి ఆధారానికి కట్టాలి. రెండు కొసలా కట్టేస్తే వరద తెచ్చే కొమ్మలూ మానులూ దానికి తట్టుకుని ఆనకట్టలా నిలబెడతాయి. అప్పుడు ఒడ్డే కోసుకుపోతుంది. ఒక కొసనే కడితే వరదలో అది తలుపులా తిరిగి ఒడ్డుకి చేరుతుంది. నీళ్లు తగ్గాక లాగి మళ్లీ పరుచుకోవచ్చు. తుంగభద్ర పొంగి కర్నూలు నగరాన్నే ముంచిన 2009 అక్టోబరు లాంటి వరదకి ఏ పట్టీ ఆగుతుందని కాదు. కానీ ఏటా వచ్చే మామూలు వానలకి ఆ తాడు చాలు.

మే నెలలోనే పట్టీలు వంకల దగ్గరికి చేరితే జూన్ వానకి దారి సిద్ధంగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా అయిపోయి, వంకలు ఎండటం మొదలయ్యేది డిసెంబరు, జనవరిల్లో. ఆ తర్వాత పట్టీలు ఎత్తి డిపోకి. అదే ట్రాక్టరు మీద ఫైర్‌లైన్ల పనికి కూలీలు వెళ్లేది కూడా అప్పుడే.